మీ ఊరి రైలు స్టేషన్ పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీయడం ఎలా

మీ ఊరి రైల్వే స్టేషన్ ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే తొందరపడి సంవత్సరం చెప్పకండి. నేను చెప్పి పరువు పోగొట్టుకున్నాను.

మా నాన్న పాయింట్స్‌మన్, అంటే బండి ఏ పట్టా మీదకి వెళ్లాలో ఆ పట్టాలు మార్చేవాడు. గోదావరి ఒడ్డున రైల్వే క్వార్టర్లోనే నాకు ఊహ తెలిసింది. తర్వాత నేనూ స్టేషన్ మాస్టర్నయ్యాను. సర్వీసు ఇరవై ఏళ్లు దాటాక ఒకసారి, ఏదో సభకి సావనీర్ వేస్తూ కొవ్వూరు, రాజమండ్రి స్టేషన్ల గురించి రెండు పేజీలు రాయమన్నారు. చిన్నప్పటి నుంచి విన్నమాటే రాసేశాను, 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెనతో పాటే మనకి రైలొచ్చిందని. పుస్తకం పంచిన మర్నాడు పొద్దున్నే ఒక రిటైరైన లెక్కల మాస్టారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఏమయ్యా, రైలు లేకుండానే అంత ఇనుమూ వంతెన దగ్గరికి ఎలా తెచ్చారు? ఎడ్లబళ్ల మీదా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే తెలిసింది. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను 1893-96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. వంతెన పని మొదలైందే 1897లో. అది పూర్తయి బళ్లు నడిచింది 1900 ఆగస్టులో. ఆ మధ్యకాలంలో జనం ఈ ఒడ్డున రైలు దిగి, ఏరు దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కేవాళ్లు. అంటే మా ఊళ్లలో రైలు, వంతెన కంటే వయసులో పెద్దది. నేను దాని వయసు తగ్గించి రాశాను.

అప్పటి నుంచి ఈ పని పద్ధతిగా నేర్చుకున్నాను. స్టేషన్ చరిత్ర రాద్దామనుకునే కుర్రాళ్లు అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతున్నాను.

మొదట ఒక కాగితం మీద ఈ తేదీలకి వేరువేరుగా ఖాళీలు పెట్టుకోండి: సర్వే జరిగింది, పని మొదలైంది, మొదటి గూడ్స్ నడిచింది, మొదటి ప్యాసింజర్ ఆగింది, ఇప్పుడున్న భవనం కట్టింది. ఇవన్నీ ఒకే ఏడు కావడం అరుదు. గోడ మీద చెక్కిన అంకెని స్టేషన్ పుట్టినరోజు అనుకోవడమే అందరూ చేసే తప్పు. అది ఆ గోడ పుట్టినరోజు మాత్రమే.

కోడ్‌లో దాక్కున్న పాత పేరు

పైసా ఖర్చులేని ఆధారం స్టేషన్ కోడ్. ఊరి పేరు మారినా చాలాచోట్ల కోడ్ మారలేదు. విజయవాడ కోడ్ బీజడ్‌ఏ, అంటే బెజవాడ. శ్రీకాకుళం రోడ్డుకి సీహెచ్‌ఈ అని ఎందుకుందా అని కొత్త క్లర్కులు తల గోక్కుంటారు. ఇంగ్లీషువాళ్ల నోట్లో శ్రీకాకుళం చికాకోల్ అయింది, అదీ సంగతి. కాకినాడ టౌన్ సీసీటీ, కాకినాడ పోర్టు సీఓఏ, రెండూ కోకనాడా నుంచి వచ్చినవే. ఏలూరు ఈఈ, ఎల్లోర్ నుంచి.

దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, పాత కాగితాల్లో మీ ఊరిని ఏ స్పెల్లింగుతో వెతకాలో తెలుస్తుంది. కాకినాడ అని వెతికితే వందేళ్ల కిందటి రిపోర్టుల్లో ఏమీ దొరకదు. కోకనాడా అని వెతికితే కుప్పలు దొరుకుతాయి. విశాఖపట్నం స్టేషన్ 1987 దాకా వాల్తేరు. ఆ తేడా తెలియక నా స్నేహితుడొకాయన రెండు నెలలు వృథా చేసుకున్నాడు.

బోర్డు దగ్గర నిలబడినప్పుడు సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో కూడా రాసుకోండి. పక్క నాలుగు స్టేషన్లవీ రాసుకుంటే లైను ఎక్కడ ఎక్కుతోందో, ఎక్కడ దిగుతోందో, ఇంజినీరు ఆ దారే ఎందుకు పట్టుకున్నాడో కాస్త అర్థమవుతుంది.

ఏ కంపెనీ ఇలాకా?

ఇది తేల్చుకోకుండా ఒక్క అడుగు కూడా ముందుకి వేయొద్దు. భారతీయ రైల్వే అని మనం ఇప్పుడు ఒకటే పేరు అంటున్నాం గానీ, స్వతంత్రం వచ్చేనాటికి దేశంలో నలభైకి పైగా వేరువేరు రైల్వేలున్నాయి. కొన్ని లండన్ కంపెనీలు పెట్టినవి, కొన్ని సర్కారువి, కొన్ని సంస్థానాలవి. మీ లైను ఎవరిదో తెలిస్తేనే కాగితం ఎక్కడుందో తెలుస్తుంది.

మా రాజమండ్రి స్టేషన్‌నే చూడండి. పుట్టినప్పుడు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1901లో వాల్తేరు దాకా ఉన్న దక్షిణ భాగం మద్రాసు రైల్వేకి వెళ్లింది. 1908లో అది సదరన్ మరాఠా రైల్వేతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది, మా నాన్న తరం ఎం.ఎస్.ఎం. అనేవారు. 1944లో సర్కారు దాన్ని చేతిలోకి తీసుకుంది. 1951లో సదరన్ రైల్వే, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే. నాలుగుసార్లు ఇంటిపేరు మారింది. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు కాబట్టి ఇంకో ఇంటిపేరూ రాసిపెట్టి ఉంది. ఆ ఇంటిపేర్ల వరసే మీ వెతుకులాటకి దారి. దక్షిణ మధ్య రైల్వే ఆఫీసు ఉంది కదా అని పాత మద్రాసు రైల్వే కాగితాల కోసం సికింద్రాబాద్ చుట్టూ తిరిగితే చెప్పులరగడం తప్ప లాభం లేదు, చెన్నై వైపు చూడాలి.

వాల్తేరుకి ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి వెళ్లింది. రెండు కంపెనీల సరిహద్దు మన విశాఖలో పడింది. తర్వాత విశాఖ డివిజన్ కలకత్తా పెత్తనంలోనూ, 2003 నుంచి భువనేశ్వర్ పెత్తనంలోనూ ఉండటం మీద మనవాళ్లు ఎంత కోపం పడ్డారో తెలిసిందే. ఆ తగువుకి మొదటి గీత గీసింది 1902లో.

తెలంగాణవాళ్లకి లెక్క వేరు. నిజాం రైలు 1874లో ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వచ్చింది. అక్కడి నుంచి కాజీపేట, వరంగల్, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ చేరింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతిలోంచి దాన్ని తీసుకుంది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. మీ స్టేషన్ ఈ దారి మీదుంటే ఉర్దూ చదవగలిగిన పెద్దాయన్ని ఒకర్ని ముందే మంచి చేసుకోండి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అవసరపడతారు. రాయలసీమలో గుత్తి, ఆదోని, కడపవాళ్లది మద్రాసు రైల్వే వాయవ్య లైను. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనుతో అది కలిసింది. గుంతకల్లు డివిజన్ 1977లో గానీ దక్షిణ మధ్య రైల్వేలోకి రాలేదు.

బెజవాడవాళ్లకి మాత్రం నా సానుభూతి. గుంతకల్లు నుంచి మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు దూరం ఉండే సన్న లైను) మీద సదరన్ మరాఠా, సికింద్రాబాద్ నుంచి బ్రాడ్‌గేజి (వెడల్పు లైను) మీద నిజాం, ఉత్తరం నుంచి ఈస్ట్ కోస్ట్, ముగ్గురూ ఒకేచోట కలిశారు. మూడు దస్తరాలు తిరగేయాలి.

ఎవరి అవసరానికి వేశారు?

నన్నడిగితే ఇదే అసలు ప్రశ్న. తేదీలు ఎవరైనా పోగేస్తారు. మీ ఊళ్లో పట్టా ఎందుకు పడిందో చెప్పగలిగితేనే అది చరిత్ర.

బ్రిటిష్ కాలంలో మొదటి కంపెనీలకి సర్కారు ఇచ్చిన మాట ఇది. పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ, భూమి ఉచితం. రైలుకి లాభం రాకపోతే ఆ లోటు మన పన్నుల డబ్బుతో పూడ్చేవారు. ఇలాంటి ఏర్పాటులో ఖర్చు తగ్గించాలన్న కంగారు కంపెనీకి ఎందుకుంటుంది? దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్తు లాంటివాళ్లు దీన్నే ఎత్తిచూపారు. భారం పెరిగాక 1870ల నుంచి సర్కారే చౌకగా మీటర్ గేజి లైన్లు వేయడం మొదలుపెట్టింది. అందుకే గేజి కూడా సాక్ష్యమే. మీ లైను ఒకప్పుడు మీటర్ గేజి అయితే పొదుపు కోసమో, కరువు కోసమో, చిన్న సంస్థానం కోసమో వేసింది అయ్యుండొచ్చు. అక్కడి నుంచి వెతకడం మొదలెట్టండి.

కరువు అన్నాను కదా. 1876-78లో రాయలసీమని తుడిచిపెట్టిన ధాత కరువు తర్వాత, 1880లో కరువు కమిషన్ ఇంకా రైళ్లు వేయాలని చెప్పింది. బళ్లారి-కృష్ణా లైను ఆ ఆలోచనలోంచి వచ్చిందే. గుంతకల్లు, నంద్యాల, కంభం మీదుగా కృష్ణ ఒడ్డుకి. ఈ దారిలో ఏ ఊరివాళ్లయినా స్టేషన్ గురించి రాస్తే కరువు ప్రస్తావన లేకుండా రాయకూడదు. అయితే రైలొచ్చి కరువు తీర్చిందని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మద్రాసు-రాయచూరు లైను ధాత కరువు నాటికే కడప, గుత్తి, ఆదోనిల మీదుగా నడుస్తోంది. రైలుంటే గింజలొస్తాయి, నిజమే. కొనడానికి జనం దగ్గర డబ్బు లేకపోతే అదే రైలు గింజల్ని ధర పలికే చోటికి పట్టుకుపోతుంది, అదీ నిజమే.

డోర్నకల్ దగ్గర్నుంచి ఇల్లెందుకి 1888లో వేసిన ముక్క బొగ్గు కోసం. సికింద్రాబాద్ లైను మీద తెల్లవాళ్ల కంటోన్మెంటు అవసరం ఉంది. లైనుని వరంగల్ మీదుగా చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు పొడిగించే ఒప్పందం మీద హైదరాబాదులో రేగిన 1883 నాటి చాందా రైల్వే గొడవ గ్రూప్స్ పరీక్షలకి చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రైల్వే ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టమని అడిగినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను సంస్థానం నుంచి పంపేశారు. పరీక్షలో అది ఒక మార్కు. వరంగల్ స్టేషన్ చరిత్ర రాసేవాళ్లకి మాత్రం అది మొదటి పేరా.

ఇంకొక మాట. మొదటి రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకి అని అందరం చదువుకున్నాం. అది జనాన్ని ఎక్కించుకున్న మొదటి రైలు. కాటన్ దొర దవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్లు మోయడానికి 1840లలోనే మా దగ్గర పట్టాలు పరిచారు. గోదావరి జిల్లావాళ్లెవరైనా రాస్తే ఈ సంగతి వదలకండి, కాస్త గొప్పలు పోయినా ఫరవాలేదు.

పట్టా మీద అక్షరాలు, పాత టికెట్లు

పట్టా పక్క భాగంలో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. చేసిన కంపెనీ, ఏడు, బరువు. పాత పట్టాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి, తర్వాత టాటా, ఇంకా తర్వాత భిలాయ్. అవి చూడటానికి మాత్రం లైను మీదకి దిగకండి. అనుమతి లేకుండా పట్టాల మీద తిరగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అది అలా ఉంచి, వెనక నుంచి వచ్చే బండి చప్పుడు మీరనుకున్నంత ముందుగా వినబడదు, నేను చూశాను. దిగాల్సిన అవసరం కూడా లేదు. పాత పట్టాలని కోసి ప్లాట్‌ఫాం రేకుల కప్పుకి స్తంభాలుగా, కంచెకి గుంజలుగా పాతేశారు. రంగు పొరల కింద అక్షరాలు చేతికి తగులుతాయి. వాటి మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్లతో చేసేవాళ్లం చూడండి, అలాగే.

కానీ జాగ్రత్త. పట్టా మీది ఏడు ఆ పట్టాదే. మెయిన్ లైనులో అరిగిన పట్టాలు బ్రాంచి లైనుకీ, అక్కడి నుంచి పక్కన బళ్లు నిలిపే సైడింగుకీ, చివరికి గుంజగానూ వస్తాయి. 1890 అని కనబడగానే ఎగిరి గంతేయకండి.

పాత భవనం గడప ప్లాట్‌ఫాం కంటే పల్లంలో ఉంటే ప్లాట్‌ఫాంని తర్వాత ఎత్తు చేశారన్నమాట. ఫొటో తీయాలంటే స్టేషన్ మాస్టర్ని అడగండి. అయితే రెండు బళ్ల క్రాసింగ్ నడుస్తుండగా వెళ్లి "సార్, చరిత్ర" అంటే ఎవరికైనా మండుతుంది. బండి వెళ్లిపోయి, ఆయన టీ గ్లాసు పట్టుకున్నాక వెళ్లండి.

ఇళ్లల్లో దొరికే అట్టముక్క టికెట్లు మంచి సాక్ష్యాలు. మూడో తరగతి అని ఉంటే 1974కి ముందుది, ఆ ఏడు దాన్ని ఎత్తేశారు. ఛార్జీ అణాల్లో ఉంటే 1957లో నయాపైసలు వచ్చేలోపుది అనుకోవచ్చు. 1906కి ముందు టైంటేబుల్ దొరికితే మీ అదృష్టం, కానీ అందులో ఉన్నది ఇప్పటి టైము కాదు. అప్పట్లో రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి. ఇప్పటి గడియారం కంటే అది దాదాపు 9 నిమిషాలు వెనక.

పెద్దవాళ్లని అడిగే పద్ధతి

"ఏ సంవత్సరం?" అని అడగొద్దు. ఎవరికీ గుర్తుండదు, మీ మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. పెద్ద గుర్తులకి ముడేసి అడగండి. కృష్ణా జిల్లాలో అయితే 77 ఉప్పెనకి ముందా, తర్వాతా? గోదావరి వైపు 86 వరదలప్పుడు ఈ షెడ్డు ఉందా? తెలంగాణలో రజాకార్ల నాటికి? పాత రైల్వేవాళ్లయితే 1974 మే సమ్మె చాలు. ఆ ఇరవై రోజులూ ఎవరెక్కడున్నారో, ఎవరు డ్యూటీకి వెళ్లారో, ఎవరితో మాటలు మానేశారో అన్నీ చెబుతారు. గేట్‌మన్లని, గ్యాంగ్‌మన్లని ముందు అడగండి, ఆఫీసర్లని తర్వాత. ఆఫీసర్లు బదిలీ మీద వెళ్లిపోతారు, గ్యాంగ్‌మన్ ఆ నాలుగు మైళ్లలోనే పుట్టి పెరిగి రిటైరవుతాడు.

నీల్స్ బాల్ టోకెన్ గురించి అడగండి. కోడ్ చెక్కిన ఇనుప గుండు అది. మా నాన్న దాన్ని సంచిలో వేసి, బెత్తం రింగుకి తగిలించి, నడుస్తున్న బండి డ్రైవరుకి అందించేవాడు. ఆ గుండు చేతిలో ఉంటేనే ముందు సెక్షన్‌లోకి, అంటే తర్వాతి స్టేషన్ దాకా ఉన్న లైనులోకి, బండి వెళ్లేది. ఆ రింగు దెబ్బకి ఆయన కుడి మోచేతి మీద మచ్చ ఉండేది. ఇలాంటివి ఏ రిపోర్టులోనూ దొరకవు.

ఇళ్లల్లో వినే మాట తప్పే కావొచ్చు, అలాగని కొట్టిపారేయకండి. మా అమ్మమ్మది ద్రాక్షారామం వైపు. "మా చిన్నప్పుడు ఇక్కడ రైలుండేదిరా, పట్టాలు యుద్ధానికి పట్టుకుపోయారు" అనేది. పట్టాలతో యుద్ధమేంటని నవ్వుకునేవాళ్లం. రైల్వేలో చేరాక పాత మ్యాపులో చూశాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు, రెండో ప్రపంచయుద్ధం అవసరాలకని 1940లో పీకేశారు. మళ్లీ 2004లో గానీ ఆ దారిన రైలు నడవలేదు. ఎవరి అవసరం కోసం వేశారో అడగమన్నాను కదా, ఎవరి అవసరం కోసం పీకారో కూడా అడగండి. అప్పటికి అమ్మమ్మ లేదు, నవ్వినందుకు సారీ చెప్పుకోలేకపోయాను.

కాగితాలు

మొదట పాత జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాలన్నీ రాసిన సర్కారు పుస్తకం. మా గోదావరికి 1907లో హెమింగ్వే రాసింది ఉంది, విశాఖకి అదే ఏడు ఫ్రాన్సిస్ రాసింది. రాకపోకల మీద అధ్యాయం ఉంటుంది. ఇవి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఏ సెక్షన్ ఏ తేదీన తెరిచారో రైల్వే బోర్డు వాళ్లే ఒక పుస్తకంగా అచ్చేసి అప్పుడప్పుడు సవరించేవారు. మీరు పెట్టుకున్న ఖాళీల్లో రెండైనా దాంతో నిండుతాయి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో పాత రైల్వే ఫైళ్ల జాబితా ఇంట్లోంచే వెతకొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో.

సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలే. కానీ "మా స్టేషన్ చరిత్ర ఇవ్వగలరు" అని రాస్తే "మా వద్ద లేదు" అని ముప్పయ్యో రోజున జవాబు వస్తుంది. వాళ్ల దగ్గర నిజంగా ఉండేది అడగాలి. ఫలానా స్టేషన్‌కీ ఫలానా స్టేషన్‌కీ మధ్య వంతెనల రిజిస్టరులో కట్టిన ఏడు ఉన్న పేజీల నకలు, స్టేషన్ భూమి ప్లాను నకలు. చిన్న కల్వర్టు కట్టిన ఏడు దొరికినా లైను పని ఎప్పుడు జరిగిందో తెలిసిపోతుంది.

రాసేటప్పుడు కాగితంలో దొరికింది, మనుషులు చెప్పింది, మీరు ఊహించింది, మూడూ కలిపేయకండి. నేను మూడు రంగుల పెన్నులు వాడతాను. నిండని ఖాళీని ఖాళీగానే అచ్చేయండి. లెక్కల మాస్టారికి నా రెండో రచన చూపిస్తే ముందు ఆ ఖాళీల దగ్గరే వేలు పెట్టి చూశారు. తర్వాత కళ్లజోడు తీసి, వాళ్ల నాన్నగారి పాత ట్రంకు పెట్టెలోంచి రెండు టికెట్లు తెచ్చి ఇచ్చారు.